బోదకాలు: ఒంట్లో డ్రైనేజీ మూసుకుపోతే

ఉత్తరాంధ్రలో బోదకాలు చూడనివాళ్ళు తక్కువ. తగరపువలస బస్టాపులోనో బజార్లోనో ఒక కాలు మామూలుగా, రెండోది రోలులా ఉన్న పెద్దావిడ ఎప్పుడో ఒకప్పుడు మీకూ కనిపించే ఉంటారు. ఎందుకలా అంటే "దోమ కుట్టింది" అంటాం, అక్కడితో వదిలేస్తాం. దోమకాటుకీ ఆ కాలికీ మధ్య ఏం జరిగిందో తెలియాలంటే లింఫ్ గురించి తెలియాలి. తెలుగు పుస్తకాల్లో శోషరసం అంటారు. పేరు బావుంది గానీ నాకు నోరు తిరగదు, లింఫ్ అనే రాస్తున్నా.

గుండె రక్తాన్ని గట్టిగా తోస్తుంది కదా, ఆ ఒత్తిడికి సన్న రక్తనాళాల గోడల్లోంచి నీరు, కొంచెం ప్రొటీన్ బయటికి ఊరుతూనే ఉంటాయి. చాలావరకు తిరిగి రక్తంలో కలుస్తాయి. పుస్తకాల లెక్కలో రోజుకి రెండు మూడు లీటర్లు మాత్రం కణాల మధ్యే మిగిలిపోతుంది. దాన్ని లాక్కుని మెడ కింద పెద్ద సిరల్లో కలిపేవే లింఫ్ నాళాలు. రక్తంలా ఇది గుండ్రంగా తిరగదు, వన్ వే. మధ్యలో గుండెలాంటి పంపు కూడా లేదు. నాళాలు వాటంతట అవే కాస్త ముడుచుకుంటాయి, మనం నడిస్తే పిక్క కండరాలు నొక్కుతాయి, లోపలి కవాటాలు వెనక్కి జారనివ్వవు. రాత్రంతా బస్సులో కూర్చుంటే పాదాలు ఉబ్బేది ఇందుకే.

దారిలో అక్కడక్కడా చిక్కుడు గింజల్లాంటి గ్రంథులు ఉంటాయి, ఒంట్లో కొన్ని వందలు. క్రిములను పట్టి, తెల్లకణాలకు చూపించే చెక్‌పోస్టులు అనుకోండి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, అది పని ఎక్కువై ఉబ్బిన లింఫ్ గ్రంథే.

ఫైలేరియా పురుగు సరిగ్గా ఈ నాళాల్లోనే కాపురం పెడుతుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. దారంలాంటి ఆ పురుగు ఆరేడేళ్ళు బతుకుతుంది, లక్షల్లో పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు దోమలు కుట్టే రాత్రి వేళకే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. అందుకే రక్తపరీక్షకి సిబ్బంది రాత్రిపూట తిరుగుతారు. పురుగులున్న నాళం సాగిపోతుంది, కవాటాలు పాడవుతాయి, నీరు కాలిలో నిలిచిపోతుంది. ఇదంతా పైకి తెలియకుండా ఏళ్ళ తరబడి జరుగుతుంది.

దీనికి వాడే డీఈసీ మందు మనవాడి చలవే. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే లాబొరేటరీస్‌లో నడిపించిన పరిశోధన నుంచి 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చింది. 2004 నుంచి మన దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ పంచుతూ వచ్చిన మాత్ర ఇదే. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుపడ్డవాళ్ళకి వెయ్యరు.

చిక్కు ఇక్కడే ఉంది. "నాకేం రోగం, నాకెందుకు?" అని మాత్రని జేబులో వేసుకునేవాళ్ళే ఎక్కువ, చదువుకున్నవాళ్ళతో సహా. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తే మందు పడలేదంటారు. నిజానికి చాలాసార్లు అది లోపల పురుగు పిల్లలు చస్తున్న గుర్తు. అంటే పురుగు ఉన్నట్టే! మన రక్తంలో అవి లేకపోతే మనల్ని కుట్టిన దోమ పక్కింటికి మోసుకెళ్ళేదీ ఉండదు.

బాగా వాచిపోయిన కాలిని మాత్ర మామూలు చెయ్యలేదు, పాడైన కవాటం తిరిగి రాదు. వరిబీజం అయితే ఆపరేషన్‌తో నయమవుతుంది. కాలికి మాత్రం రోజూ సబ్బుతో కడగడం, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవడం, పడుకున్నప్పుడు ఎత్తు మీద పెట్టడం ముఖ్యం. సందుల్లో చిన్న పగులున్నా అక్కడినుంచి క్రిములు దూరి, చలిజ్వరం వచ్చి, వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది.