కోల్ట్రేన్ దంపతుల నాదసంపద

విశాఖపట్టణపు ద్వారకా నగరమున ఆర్టీసీ కాంప్లెక్సు వైపు బస్సుల హోరు సద్దుమణగిన రాత్రివేళ, 'జర్నీ ఇన్ సచ్చిదానంద' యను రికార్డును శ్రద్ధతో వినినచో, జాజ్ సంగీతము మనకు పరాయిదను భావము నిలువదు. మొదట తంబురా శ్రుతి. ఆ శ్రుతిని ఆశ్రయించి సెసిల్ మెక్‌బీ బేస్ వాద్యముపై ఒకే స్వరగుచ్ఛమును మరల మరల పలికించుచుండగా, దానిపై హార్ప్ తీగెలు జలజల జారును. అటుపిమ్మట ఫరోవా సాండర్స్ శాక్సఫోను రాగాలాపనవలె మెల్లగా పైకి లేచును. 1971లో వెలువడిన ఆ రికార్డు ఆలిస్ కోల్ట్రేన్ కృతి.

ఆమె భర్త జాన్ కోల్ట్రేన్ 1926లో జన్మించి, 1967 జూలై 17న, నలుబది యేండ్ల ప్రాయముననే కాలధర్మము నొందిన శాక్సఫోను విద్వాంసుడు. 1961లో విలేజ్ వాన్‌గార్డు క్లబ్బున వాయించిన రచనకు 'ఇండియా' యనియు, 1965లో జన్మించిన కుమారునికి పండిత రవిశంకరునిపై గల గౌరవముచే రవి యనియు పేరిడినాడు. 1964 డిసెంబరు 9న రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ముద్రితమైన 'ఎ లవ్ సుప్రీం' చివరి భాగమున, తాను రచించిన ప్రార్థననే, పదము వెంట పదముగా, పెదవి విప్పి పాడక శాక్సఫోనుతో పలికించినాడు. సాహిత్యము నెరిగి కీర్తనను వాయించు మన వైణికుల సంప్రదాయమెరిగిన తెలుగు శ్రోతకు దాని మర్మము వేరొకరు విప్పి చెప్పవలసిన పనిలేదు.

ఆలిస్ 1937లో డెట్రాయిటున జన్మించి, బాల్యముననే పియానో నేర్చి, చర్చి గానములో పెరిగి, 1966 నాటికి భర్త బృందమున పియానో వాదకురాలైనది. వైధవ్యము ప్రాప్తించిన పిదప ఆధ్యాత్మిక మార్గమున తురీయసంగీతానంద యను నామమును గ్రహించి, మన పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలైనది. కాలిఫోర్నియాలో 1983లో ఆమె నెలకొల్పిన ఆశ్రమము తరువాత సాయి అనంతమని ప్రసిద్ధి కెక్కినది. అంతకు ముందే, 1982లో, తన శిష్యుల కొరకు 'తురీయ సింగ్స్' అను క్యాసెట్టును వెలువరించినది. అంగడి సరకు కాని ఆ భజనలలో సంస్కృత నామములు నల్లజాతి చర్చి గానపు గంభీరస్వరముతో కలసిపోయినవి. ఆమె జాజ్‌ను విడిచి భజనలలో పడినదనుట న్యాయము కాదు. భర్త శాక్సఫోనుపై మౌనముగా పలికించిన ప్రార్థనకు ఆమె కంఠమిచ్చినది.

2018 నవంబరులో దావానలము ఆ ఆశ్రమమును దహించినది. ముద్రిత నాదము మాత్రము మిగిలినది. తల్లి కంఠమును, వర్లిట్జర్ ఆర్గన్ వాద్యమును మాత్రమే నిలిపి, తక్కిన హంగులను తొలగించిన 'తురీయ సింగ్స్' ప్రతిని కుమారుడు రవి 2021లో లోకమునకు అందించినాడు. క్రొత్త శ్రోతలు దానితోనే ఆరంభించుట మేలు. ద్వారకా నగరముననే గల పౌర గ్రంథాలయమున ఇట్టి రికార్డులను వినుటకు ఒక గదిని ఏర్పరచి, సంగీతాభ్యాసము చేయు పిల్లలకు దాని తలుపులు తెరువవలసినదిగా పెద్దలను అర్థించుచున్నాను.