మూడో ప్రమాద హెచ్చరిక

వానాకాలం వస్తే గోదావరి వార్తల్లో తరచూ వినిపించే మాట ఇది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె చిన్నదే, కానీ దాని వెనుక పెద్ద కదలిక ఉంటుంది. మొదటి హెచ్చరికతోనే స్నానఘట్టాల వైపు, పడవల రాకపోకల మీద ఆంక్షలు మొదలవుతాయి. మూడోది వచ్చేసరికి లోతట్టు ఊళ్లవాళ్లు పిల్లలతో, పశువులతో మెరకకు చేరి ఉండాలి.

భద్రాచలం అంకెను దిగువన ధవళేశ్వరం, కోనసీమ లంకల జనం కూడా చెవులు రిక్కించి వింటారు. ఆ నీరు తమ దాకా రావడానికి పట్టే గంటలే వాళ్లకు దొరికే గడువు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జులైలో 71.3. పట్టణానికి ఇప్పుడు కరకట్ట ఉంది. అయితే నది పొంగినప్పుడు కట్ట స్లూయిజులు మూసేస్తారు. దాంతో లోపల కురిసిన వాన బయటికి పోలేక రామాలయం చుట్టుపక్కల నిలిచిపోతుంది, మోటార్లతో తోడిపోయాలి. అందుకే కట్ట ఎంత ఎత్తుగా ఉన్నా, సకాలంలో అందే కబురుకే నా మొదటి ఓటు. ఆ కబురు చివరి గూడెం దాకా, అర్ధరాత్రయినా, చేరాలి.