ఏఎంఈ లైసెన్స్: పరీక్షలు పాసైతే చాలదు.. పని అనుభవాన్ని కాగితంపై ఎలా చూపించాలి?

విమానానికి రిపేరు చేసి, ‘ఇక ఎగరొచ్చు’ అని సంతకం పెట్టే అధికారం ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ (ఏఎంఈ) లైసెన్స్ ఉన్నవారిదే. మన దేశంలో ఈ లైసెన్స్ ఇచ్చేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. ఇందుకు సీఏఆర్-66 నిబంధనలు వర్తిస్తాయి. మాడ్యూల్ పరీక్షల్లో ఒక్కో పేపర్‌లో 75 శాతం మార్కులు తెచ్చుకోవడం ఇందులో సగం పనే. విమానాల మీద నిజంగా పనిచేశారని రుజువు చేసుకోవడం మిగతా సగం.

శంషాబాద్ ఎంఆర్‌వో హ్యాంగర్లలోనో, ఎయిర్‌లైన్స్ లైన్ మెయింటెనెన్స్‌లోనో ట్రైనీలుగా, టెక్నీషియన్లుగా ఉన్నవారు తొలి రోజు నుంచే తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఎన్నేళ్ల అనుభవం కావాలి?

ఏ కేటగిరీకి దరఖాస్తు చేస్తున్నారు, ఎక్కడ చదివారు అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

- బి1.1 (టర్బైన్ విమానాలు), బి1.3 (టర్బైన్ హెలికాప్టర్లు), బి2 (ఏవియానిక్స్): సీఏఆర్-147 ఆమోదం ఉన్న సంస్థలో బేసిక్ కోర్సు పూర్తిచేస్తే 2 ఏళ్లు. నైపుణ్య కార్మికుడిగా తగిన సాంకేతిక శిక్షణ ఉంటే 3 ఏళ్లు. ఏ శిక్షణా లేకపోతే 5 ఏళ్లు.
- ఎ కేటగిరీ, బి1.2, బి1.4 (పిస్టన్ ఇంజిన్ విమానాలు, హెలికాప్టర్లు): ఇదే వరుసలో 1, 2, 3 ఏళ్లు.

తొలిసారి లైసెన్స్ అడిగేవారు మరో షరతు గుర్తుంచుకోవాలి. మొత్తం అనుభవంలో కనీసం ఏడాది ఇటీవలిదై ఉండాలి. అదీ మీరు అడుగుతున్న కేటగిరీ విమానాల మీదే చేసి ఉండాలి. ఎప్పుడో చేసిన పనిని మాత్రమే చూపిస్తే కుదరదు.

ఏ పని లెక్కలోకి వస్తుంది?

‘ఎగురుతున్న విమానాల’ మీద చేసిన పనే లెక్క. అంటే ఎయిర్‌లైన్స్, ఎయిర్ ట్యాక్సీ సంస్థలు, ఫ్లయింగ్ క్లబ్బులు, సొంత యజమానులు వాడుకలో ఉంచినవి. శిక్షణ సంస్థ ఆవరణలో నిలిపి ఉంచిన పాత విమానం మీద చేసిన ప్రాక్టికల్స్ చదువులో భాగమే తప్ప ఈ అనుభవం కాదు. విడిభాగాల షాపులో చేసిన పని ఒక్కటే ఉన్నా చాలదు. నిబంధన అడిగేది విమానం మీద పని.

పనిలో వైవిధ్యం కూడా ముఖ్యం. రెండేళ్లూ టైర్లు మార్చడం, ఆయిల్ నింపడమే ఉంటే ఆ రికార్డు బలహీనంగా ఉంటుంది. తనిఖీ, విడిభాగం తీసి బిగించడం, పనితీరు పరీక్ష, లోపం వెతకడం, మరమ్మతు.. అన్నీ కొంతకొంత కనిపించాలి. ఒకే విభాగంలో ఉండిపోతే వేరే షిఫ్టుకో, బేస్ మెయింటెనెన్స్‌కో మార్చమని ముందే అడగడం మేలు.

వైమానిక దళంలో పనిచేసి వచ్చినవారి అనుభవాన్నీ పరిగణనలోకి తీసుకుంటారు. అయితే దానికి తోడు పౌర విమానాల మీద అదనపు అనుభవం తప్పనిసరి.

లాగ్‌బుక్‌లో ఏం రాయాలి?

చదివిన అధికారికి మీరు ఎక్కడ, ఎప్పుడు, ఏ పని చేశారో అర్థం కావాలి. ‘మూడేళ్లు మెయింటెనెన్స్ పని చేశారు’ అని ఒక్క ముక్కలో రాసిన సర్టిఫికెట్ సరిపోదు. ఒక్కో పనికి ఈ వివరాలు రాసుకోండి:

- తేదీ, పనిచేసిన స్టేషన్
- విమానం రకం, వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు
- ఏటీఏ చాప్టర్ నంబర్ (24 విద్యుత్, 27 ఫ్లైట్ కంట్రోల్స్, 29 హైడ్రాలిక్స్, 32 ల్యాండింగ్ గేర్)
- చేసిన పని, అందులో మీ పాత్ర
- టాస్క్ కార్డ్ లేదా వర్క్ ఆర్డర్ నంబర్
- పర్యవేక్షించిన ఇంజినీర్ సంతకం, లైసెన్స్ నంబర్

ఉదాహరణకు ‘వీల్ పని’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘ఏ320, ఏటీఏ 32, కుడి మెయిన్ వీల్ తీసి మరొకటి బిగించడంలో సహాయం, టైర్ ప్రెషర్ తనిఖీ’ అని రాసి, పక్కన టాస్క్ కార్డ్ నంబర్ వేస్తే ఎవరైనా సరిచూసుకోవచ్చు. సహాయం చేస్తే సహాయం అనే రాయండి. సొంతంగా చేసినట్లు రాసి, తర్వాత టాస్క్ కార్డ్‌లో మరో పేరు కనిపిస్తే మొత్తం పుస్తకం మీదే అనుమానం వస్తుంది.

సంతకాలు ఎప్పుడు తీసుకోవాలి?

ఆ రోజే, కుదరకపోతే ఆ వారంలోనే. ఏడాది పని ఒక్కసారి రాసి సంతకం అడిగితే, పెట్టే ఇంజినీర్‌కూ ఇబ్బందే. తాను చూడని పనికి, గుర్తులేని పనికి ఆయన ఎందుకు హామీ ఇస్తారు? సంస్థలు టాస్క్ కార్డులను శాశ్వతంగా దాచవు. ఆలస్యమైతే సరిచూసుకునే ఆధారమూ పోతుంది.

కంపెనీ మూతపడితే?

జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, గో ఫస్ట్ 2023 మే 3న విమానాలు ఆపేశాయి. అలాంటి రోజు వచ్చాక అనుభవ పత్రం మీద సంతకం పెట్టాల్సిన క్వాలిటీ మేనేజర్ ఎక్కడున్నారో వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే:

- ఉద్యోగం మారేటప్పుడు రిలీవింగ్ లెటర్‌తోపాటు విమానాల రకాలు, తేదీలతో అనుభవ పత్రం విడిగా తీసుకోండి.
- ఏడాదికోసారి లాగ్‌బుక్‌ను క్వాలిటీ విభాగంతో ధ్రువీకరించుకోండి.
- ప్రతి పేజీని స్కాన్ చేసి ఒకటికి రెండుచోట్ల దాచుకోండి. టాస్క్ కార్డుల ఫొటోలు మాత్రం సంస్థ అనుమతి లేకుండా తీయొద్దు.
- కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా పనిచేస్తే, జీతం ఇచ్చే ఏజెన్సీ పత్రం ఒక్కటే చాలదనుకోండి. పని జరిగిన మెయింటెనెన్స్ సంస్థ నుంచీ తీసుకోండి.

దరఖాస్తుకు ముందు

దరఖాస్తు డీజీసీఏ ఆన్‌లైన్ వేదిక ఈజీసీఏలో చేయాలి. అప్‌లోడ్ చేసే ముందు అపాయింట్‌మెంట్ లెటర్, అనుభవ పత్రం, లాగ్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టుకుని పేరు స్పెల్లింగ్, చేరిన తేదీ, మానేసిన తేదీ ఒకేలా ఉన్నాయా చూడండి. సెలవులో ఉన్న రోజున పని చేసినట్లు ఎంట్రీ ఉంటే అది చిన్న పొరపాటుగా మిగలదు.

లైసెన్స్ వచ్చాక కూడా ఈ అలవాటు మానొద్దు. గడిచిన రెండేళ్లలో ఆరు నెలల అనుభవం చూపించగలిగితేనే సంతకం పెట్టే అధికారం నిలుస్తుంది. ఆ లెక్క తేలేదీ ఇవే రికార్డులతో.