తంబురా వెనుక హోరు

కయ్యమునకైనను వియ్యమునకైనను సమఉజ్జీ కావలెనని మన పెద్దలు చెప్పిరి. స్పీకరునకును వాల్వు ఆంప్లిఫయరునకును వియ్యము కుదుర్చునపుడు మాత్రము ఈ సామెతను కొంచెము ఆలోచించి వాడుకొనవలెను. ఈ సంగతిని నేను ఒక నెల జీతము నష్టపడి నేర్చుకొంటిని.

నిరుడు నేను బూర స్పీకర్ల జత నొకదానిని కొంటిని. స్వల్పశక్తితోనే బిగ్గరగా పలుకుట వాని గుణము. గొప్ప స్పీకర్లకు గొప్ప యంత్రమే తగునని అంగడివారు చెప్పగా నమ్మి, 40 వాట్ల వాల్వు ఆంప్లిఫయరును ఇంటికి తెచ్చితిని. ఆ సాయంకాలము కచేరీ రికార్డు పెట్టితిని. ఆలాపన ఆరంభము కాకమునుపే మా ఇంటియావిడ వంటయింటినుండి వచ్చి, "ఏమండీ, ఆ తంబురా శ్రుతి తప్పిందేమిటి?" అని అడిగెను. తప్పు తంబురాది కాదు. రికార్డు తీసివేసినను ఆ హోరు ఆగలేదు.

కారణమును విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఒక వాటు శక్తి నిచ్చినపుడు, మీటరు దూరమున, సామాన్యమైన స్పీకరు సుమారు 87 డెసిబెళ్ల ధ్వని నిచ్చును. నా బూర స్పీకరు 97 ఇచ్చును. పది డెసిబెళ్ల భేదమనగా శక్తిలో పదిరెట్లు. అచ్చట పది వాట్లు చేయు పనిని ఇచ్చట ఒక్క వాటే చేయును. అయితే స్పీకరునకు సంగీతమేదో, హోరేదో తెలియదు. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 50 హెర్ట్జ్‌లది. దానిని ఏకముఖ ప్రవాహముగా మార్చునపుడు మిగిలిపోవు అల 100 హెర్ట్జ్‌ల హోరగును. సామాన్యమైన స్పీకరులో నిద్రించు ఈ హోరు బూరలో మేల్కొనును.

చలనచిత్రశాలలలో బూరలకు ఆదరము కలుగుటకు ఆనాటి వాల్వుల పేదరికమే కారణము. 1926లో న్యూయార్కున ‘డాన్ జువాన్’ చిత్రమును వైటాఫోను సంగీతముతో ప్రదర్శించిననాడు ఆంప్లిఫయర్లు ఇచ్చు వాట్లు కొలదియే. ఆ కొలది శక్తితో విశాలమైన శాలను నింపుటకు బూర తోడ్పడెను. ఆ నేర్పును పాల్ క్లిప్ష్ ఇంటి మూలకు తెచ్చెను. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రమందలి హోప్ పట్టణమున 1946లో సంస్థ స్థాపించెను. ఆయన నిర్మించిన స్పీకరు గది మూలనున్న గోడలనే బూరలో భాగముగా వాడుకొనును.

కనుక ఇట్టి స్పీకరునకు వాట్లకంటె నిశ్శబ్దమును ముందు చూడవలెను. యంత్రమును మీ స్పీకరునకే తగిలించి, పాట పెట్టక, మీరు కూర్చుండు చోటనుండి చెవియొగ్గి వినుడు. 1938లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారు వెలువరించిన 300బి వాల్వు ఒంటిగా సుమారు 8 వాట్లిచ్చును. ఇంటికి అది చాలును. చిన్న యంత్రమెల్ల మౌనముగా నుండునని కాదు. ఒంటి వాల్వు యంత్రములలోను హోరుమనునవి కలవు. వినియే కొనవలెను.

పిదప ట్రాన్స్‌ఫార్మరును చూడవలెను. వాల్వు వేల ఓముల భారమును కోరును. స్పీకరు 8 ఓములే. ఈ ఇరువురి నడుమ పెళ్ళిళ్ళ పేరయ్య ట్రాన్స్‌ఫార్మరు. దాని చుట్ల నిష్పత్తి 25 అయినచో వర్గము 625. స్పీకరు యొక్క 8 ఓములు వాల్వునకు 5,000 ఓములుగా తోచును. యంత్రము వెనుక 4, 8, 16 అని గుర్తులుండును. స్పీకరునకు తగిన గుర్తుకడనే తీగె కలుపవలెను.

నేను పాత యంత్రమును అయినకాడికి అమ్మి, విని ఎంచుకొన్న 8 వాట్ల దానిని తెచ్చుకొంటిని. ఆ రాత్రి అదే రికార్డు పెట్టితిని. మా ఇంటియావిడ వచ్చి కూర్చుండెను. మంగళము వరకు లేవలేదు.