పొద్దుగూకితే వెలిగి, మూడు గంటలకు ఆరిపోయే దీపపు ఎర

దీపపు ఎర సంగతి రైతులకు కొత్త కాదు. వరి కాండం తొలుచు పురుగు, ఆకుముడత తాలూకు రెక్కల పురుగులు, పచ్చదీపపు పురుగులు వెలుగుకు వచ్చి, కింద పళ్లెంలో పోసిన కిరోసిన్ నీళ్లలో పడి చస్తాయి. చిక్కల్లా రాత్రంతా వెలిగించి వదిలేయడంతోనే. చీడపురుగులతోపాటు వాటిని తినే మిత్రపురుగులు కూడా ఆ పళ్లెంలోనే పడతాయి. బ్యాటరీ కూడా తెల్లారేసరికి దిగిపోతుంది.

పొద్దుగూకాక మూడు నాలుగు గంటలు వెలిగితే చాలు. కానీ అరకు, పాడేరు, చింతపల్లి వైపు పొలం ఒకచోట, ఊరు మరోచోట. వానలో రాత్రివేళ గెడ్డ దాటి వెళ్లి దీపం ఆర్పేదెవరు? ఆ పని చేసే చిన్న పెట్టెను రేడియో మెకానిక్ చేత కట్టించుకోవచ్చు.

ఇందులో కన్ను ఎల్.డి.ఆర్. దీనిమీద వెలుగు పడితే కరెంటు బాగా పారుతుంది, చీకట్లో దాదాపు ఆగిపోతుంది. గడియారం సీడీ 4060 ఐసీ. చాలామంది 555 ఐసీ వేసేస్తారు. నిమిషాల పనికి అది బాగానే ఉంటుంది గానీ, గంటల పనికి పెద్ద కెపాసిటర్ కావాలి. అందులోంచి కరెంటు కారిపోతూ లెక్క తప్పుతుంది. 4060 అలా కాదు. చిన్న చిన్న టిక్కులు తానే వేసుకుని, 8192 లెక్కపెట్టాక 3వ కాలు పైకి లేపుతుంది. అప్పుడు దీపం ఆరాలి. ఆ కాలినుంచి 11వ కాలికి ఒక డయోడ్ పెడితే లెక్క అక్కడే ఆగుతుంది. తెల్లవారితే ఎల్.డి.ఆర్. 12వ కాలి ద్వారా లెక్కను సున్నా చేస్తుంది. పగటిపూట దీపం వెలగకుండా కట్టడి చేసేదీ ఆ కాలే.

టిక్కుకు 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్, 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానితో వరుసలో 220 కిలో ఓమ్‌ల ప్రీసెట్ వేయమనండి. సరిచూసుకోవడానికి మూడు గంటలు కూర్చోనక్కర్లేదు. 7వ కాలికి రెసిస్టర్‌తో చిన్న ఎల్.ఇ.డి. తగిలించి, పది మినుకులకు ఎంతసేపు పట్టిందో వాచీలో చూడండి. 211 సెకన్లు వచ్చేదాకా ప్రీసెట్ తిప్పితే సరిగ్గా మూడు గంటలు. ఇక్కడ ఒక సెకను తప్పితే అక్కడ తప్పేది 51 సెకన్లే.

మన్యంలో మెరుపులెక్కువ. మెరిసినప్పుడల్లా లెక్క మొదటికి రాకుండా, ఎల్.డి.ఆర్.కూ 12వ కాలికీ మధ్య 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఆ కాలినుంచి నెగటివ్‌కు 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. ఎల్.డి.ఆర్. ఆకాశం వైపు చూడాలి, ఎర వెలుగు దానిమీద పడకూడదు. పడిమటి కొండ నీడ కొన్ని మళ్లమీద ముందే పడుతుంది కాబట్టి, ఎంత చీకటికి వెలగాలో మీ మడి దగ్గరే సాయంత్రంపూట తేల్చుకోండి. పొగమంచు తేమ చేరకుండా పెట్టె మూత మైనంతో మూసేయండి.

పున్నమి రోజుల్లో పురుగులు తక్కువ పడితే పెట్టె చెడిందనుకోవద్దు. కాఫీ తెల్ల కాండం తొలిచే పురుగుకు మాత్రం దీన్ని పెట్టి లాభం లేదు. అది ఎండలో తిరిగే పురుగు.