గాలాడని చోటే తుప్పు తింటుంది

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక పాఠకుడి ప్రశ్న ఇది. కారు చక్రాలు విప్పి, బ్రేక్ కాలిపర్లకు ఎర్ర రంగు వేశారట. ఏడాది తిరక్కుండానే రంగు బొబ్బలెక్కింది, గీకితే కింద తుప్పు. గాలి తగలకుండా మూసేశాక తుప్పు ఎలా పట్టిందని అడిగారు.

చాలా కార్ల కాలిపర్లు పోత ఇనుమువి. ఇనుముకు నీరూ ఆక్సిజనూ తోడైతే తుప్పు పడుతుందని బడిలో చదివిందే. అయితే అది ఎలా పడుతుందన్న దగ్గరే పెద్దపెద్దవాళ్లు పొరబడ్డారు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పుట్టే ఆమ్లమే ఇనుమును తింటుందని పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది నమ్మారు. ఆ ఆమ్లం లేకపోయినా ఇనుము కరుగుతుందనీ, ఇది విద్యుత్తు పనేననీ 1903లో అమెరికాలో విల్లిస్ విట్నీ రాశాడు. అయినా 1906లో ఇంగ్లండులో జెరాల్డ్ మూడీ పాత వాదాన్నే పట్టుకున్నాడు.

ఇక కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ 1920ల్లో చేసిన ప్రయోగం ఎంత అందమైనదో! శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క. అందులో కాస్త పొటాషియం ఫెర్రిసైనైడ్, కాస్త ఫినాల్ఫ్తలీన్. ఇనుము కరిగిన చోట నీలం, క్షారం పుట్టిన చోట గులాబీ రంగు తేలతాయి. మొదట చెదురుమదురుగా మచ్చలు. కాసేపటికి చుక్క నడుమ నీలం, అంచున గులాబీ ఉంగరం! అంచున నీటిపొర పలచన కాబట్టి ఆక్సిజన్ బాగా అందుతుంది, నడుమ అందదు. అందని ఆ నడుమే ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. అవి లోహంలోంచి అంచుకు చేరి, అక్కడి ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి క్షారాన్ని పుట్టిస్తాయి. కరిగిన ఇనుము, క్షారం ఎదురుపడే దారిలో తుప్పు పేరుకుంటుంది. గుంట పడేది ఒకచోట, తుప్పు కనిపించేది మరోచోట.

రంగు కింద మిగిలిపోయిన తుప్పు గుంటలో జరిగేదీ ఇదే. ఏ రంగు పొరా నీటిని, ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపలేదు. గుంట అడుగున ఆక్సిజన్ ఉండదు. అక్కడ కరిగిన ఇనుము అయాన్ల ధనావేశం సముద్రపు గాలి తెచ్చిన క్లోరైడ్‌ను లోపలికి లాగుతుంది. నీరు ఆమ్లంగా మారుతుంది, ఇనుము మరింత కరుగుతుంది, క్లోరైడ్ మాత్రం ఖర్చు కాదు. పక్కనే పుట్టే క్షారం రంగుకూ ఇనుముకూ ఉన్న పట్టు ఊడదీస్తుంది. ఆ పాఠకుడు చూసిన బొబ్బ అలా లేచిందే.

'తుప్పు మీదే వేయొచ్చు' అని డబ్బాల మీద అచ్చేసి అమ్మడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుంట అడుగు మెరిసేదాకా వైర్ బ్రష్‌తో గీకాలి. ఆ దుమ్మును ఊదకూడదు, ముక్కుకు మాస్క్ కట్టుకోవాలి. బ్రేక్ క్లీనర్ జిడ్డును తీస్తుంది, ఉప్పును తీయదు. అందుకే మంచినీటితో కడిగి వెంటనే ఆరబెట్టాలి. ఫాస్ఫారిక్ ఆమ్లం పలచటి తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, మందపాటి పెచ్చుల మీద దాని పని సాగదు. ఆ తర్వాతే వేడికి తట్టుకునే రంగు. పిస్టన్ రబ్బరు తొడుగుకు, స్లైడ్ పిన్నులకు, బ్లీడర్ స్క్రూకు, ప్యాడ్లకు, డిస్క్‌కు అది అంటకూడదు. కారును జాకీ మీదే ఉంచి పని చేయకండి, స్టాండ్ల మీద నిలపండి. చక్రాలు బిగించాక పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూసి, అప్పుడు బండి కదిలించండి.