వృద్ధాప్య పింఛను - గ్రామీణ కుటుంబాల శ్రమనిర్ణయాలు: ఒక వివేచన

1. ప్రవేశిక:

వృద్ధాప్య పింఛను వృద్ధుల చేతికే అందినా, దాని ప్రభావం వారితోనే ఆగదు. అదే ఇంటిలోని కొడుకులు, కోడళ్లు కూలికి వెళ్లాలా, మానాలా, వలస పోవాలా అనే నిర్ణయాలతోనూ దానికి సంబంధం ఉంటుంది. పింఛను సొమ్ము ఇంటిల్లిపాదినీ సోమరులను చేస్తుందనే విమర్శ ఎంతవరకు సమంజసమో దక్షిణాఫ్రికా అధ్యయనాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. భిన్న ఫలితాలు:

దక్షిణాఫ్రికాలో 1990లలో స్త్రీలకు 60, పురుషులకు 65 ఏళ్లు పింఛను అర్హతావయస్సు. 1993 నాటి సర్వేను పరిశీలించిన బెర్ట్రాండ్, ముల్లైనాథన్, మిల్లర్ (2003), పింఛనుదారులున్న ఇళ్లలో పనిచేసే వయసువారి శ్రమ తగ్గిందని నిర్ధారించారు. అయితే వారు లెక్కించింది ఇంట్లో నివసిస్తున్నవారిని మాత్రమే. క్వాజులు-నాటాల్ ఉత్తర ప్రాంతంలో అవే కుటుంబాలను కాలక్రమంలో పరిశీలించి, వలస వెళ్లినవారినీ లెక్కలోకి తీసుకున్న ఆర్డింగ్టన్, కేస్, హోస్‌గుడ్ (2009), పింఛను రాకతో ఉపాధి స్వల్పంగా పెరిగిందని నిరూపించారు.

3. వైరుధ్యానికి కారణం:

వలసకు దారిఖర్చులు, పని దొరికేదాకా తిండిఖర్చులు కావాలి. పిల్లలను చూసుకొనే మనిషీ ఇంట్లో ఉండాలి. పింఛను ఈ రెండు లోట్లనూ కొంత తీరుస్తుంది. పని కోసం వెళ్లినవారిని విడిచి, ఇంట మిగిలినవారినే లెక్కిస్తే శ్రమ తగ్గినట్లు కనిపించడం సహజం.

4. తెలుగు ప్రాంతాలు:

భారతదేశంలో జాతీయ వృద్ధాప్య పింఛను పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. 60-79 ఏళ్లవారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. మిగిలినది రాష్ట్రాల భారం. తెలంగాణలో 'ఆసరా' పింఛను 2014లో 1000 రూపాయలతో ఆరంభమై 2019లో 2016 రూపాయలకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మొత్తం 2024లో 4000 రూపాయలయింది. మొత్తాలు, ఉపాధి పరిస్థితులు వేరు కనుక దక్షిణాఫ్రికా ఫలితాలను ఇక్కడికి యథాతథంగా అన్వయించరాదు. అయినా తల్లిదండ్రులు వలసపోగా అవ్వాతాతల వద్ద పిల్లలు పెరిగే పాలమూరు వంటి ప్రాంతాలలో, కుటుంబమంటే ఎవరనే ప్రశ్న అంతే కీలకం.

5. ముగింపు:

పింఛనుతో వృద్ధులు కూలిపని మానుకుంటే అది సోమరితనం కాదు. ఆ విశ్రాంతే పథకం లక్ష్యాలలో ఒకటి. ఇక వారి సంతానం శ్రమను తూచవలసి వచ్చినప్పుడు, గడప లోపలివారితోపాటు గడప దాటినవారినీ లెక్కించాలి. అలా లెక్కించని పరిశోధన, వలసకూలీ కష్టాన్ని అతని ఇంటివారి సోమరితనంగా నమోదు చేసే ప్రమాదముంది.